‘థా’ అనే చైనీస్ అక్షరం: ఒక స్తూపం అనువాదంలో వచ్చిన చిక్కు

పని చిన్నదే. కృష్ణా లోయలోని బౌద్ధ స్థలాలకు చైనీస్ మాట్లాడే యాత్రికులను తీసుకొచ్చే ఒక టూర్ సంస్థకు చైనీస్‌లో మడత కరపత్రం కావాలి. అమరావతి, భట్టిప్రోలు, జగ్గయ్యపేట, నాగార్జునకొండ. ఒక్కోదానికి ఒక పేరా, ఒక ఫొటో. తెలుగు మూలం వాళ్లే పంపారు. మా దగ్గర ముసాయిదా జూనియర్ రాస్తుంది. దాన్ని చైనాలో పుట్టి పెరిగిన ఒకావిడ మామూలు పాఠకురాలిలా చదివి, తనకు అర్థం కానివి మార్జిన్‌లో రాస్తుంది. ఆ తర్వాత నేను కూర్చుని సరిచేస్తాను. మూలం తెలియని మనిషి చదవడం ఇందులో చాలా ముఖ్యం. మాకు తెలిసిన విషయమే కాబట్టి మా కళ్లకు కనబడని లోపాలు ఆవిడకు కనబడతాయి.

అమరావతి పేరా పక్కన ఆవిడ రెండు ప్రశ్నలు రాసింది: “ఎన్ని అంతస్తులు? పై అంతస్తు దాకా ఎక్కనిస్తారా?”

అమరావతి చూసినవాళ్లకు ఈ ప్రశ్నలు వింటే నవ్వొస్తుంది. అక్కడ అంతస్తులూ లేవు, ఎక్కడానికి మెట్లూ లేవు. దాదాపు 50 మీటర్ల అడ్డుకొలతతో గుండ్రటి వేదిక, అంచుల వెంట నిలబెట్టిన రాతి పలకలు, మధ్యలో గడ్డి. చెక్కిన పలకల్లో మంచివి చాలామటుకు చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1790ల చివర్లో కల్నల్ మెకంజీ వచ్చి చూసేనాటికే ఊరివాళ్లు ఆ దిబ్బను తవ్వి ఇటుకలు, రాళ్లు తీసుకుపోతున్నారు. అప్పట్లో దాన్ని దీపాలదిన్నె అనేవాళ్లు. అలాంటి చోటుకి అంతస్తుల లెక్క అడిగిందంటే లోపం ఆవిడలో లేదు. ఆవిడ చదివిన ఒక్క అక్షరంలో ఉంది.

ఆ అక్షరం ‘థా’. జూనియర్ రాసింది తప్పని అనలేం. ఏ నిఘంటువు తీసినా స్తూపానికి ఎదురుగా ‘థా’ అనే ఉంటుంది. అదే నిఘంటువును తిరగేసి ‘థా’ వెతికితే మాత్రం పగోడా, బురుజు, టవర్ అని వరసగా వస్తాయి.

ముందు ఉచ్చారణ సంగతి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఇది ‘టా’ అనిపిస్తుంది. నిజానికి ఇది దంతాలకు నాలుక ఆనించి, గాలి వదిలి పలికే ‘థా’. స్వరం కిందికి దిగి మళ్లీ లేవాలి. గాలి వదలకుండా పలికితే ‘తా’ అవుతుంది, అది వేరే మాట. తెలుగు లిపిలో త, థ విడివిడిగా ఉండటం చైనీస్ నేర్చుకునేవాళ్లకు పెద్ద సదుపాయం. మనవాళ్లలో చాలామంది అది వదిలేసి ఇంగ్లిష్ స్పెల్లింగ్ మీద ఆధారపడి ఇబ్బంది పడతారు. ఈ వ్యాసంలో చర్చకు తీసుకున్న మాటలను అసలు శబ్దానికి దగ్గరగా రాశాను. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు పత్రికల్లో అలవాటైన పద్ధతిలోనే ఉంచాను.

ఇక రూపం. మొత్తం 12 గీతలు. ఎడమ పక్కన సన్నగా ‘మట్టి’ గుర్తు: పైన చిన్న అడ్డగీత, దాన్ని కోస్తూ నిలువు గీత, కింద పీటలా మరో అడ్డగీత. కుడి పక్కన మూడు తునకలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అన్నిటికన్నా పైన గడ్డి గుర్తు. దాని కింద ఇంటి కప్పులా వాలిన రెండు గీతలు, వాటి కింద ఒక అడ్డగీత. అన్నిటికన్నా అడుగున చతురస్రం, అంటే ‘నోరు’. కప్పు, గీత, నోరు మూడూ కలిస్తే ‘కలవడం’ అనే అక్షరం.

మా జూనియర్ దగ్గరున్న యాప్‌లో దీనికో కథ ఉంది. నలుగురూ ఒక్క మాట మీద కలిసి, మట్టిలో గడ్డి కలిపి ఎత్తుగా కట్టారు కాబట్టి ఇది బురుజు అయిందట. “సార్, అన్నీ సరిపోయాయి కదా. మన దగ్గర కూడా గోడలకి మట్టిలో గడ్డి కలిపి తొక్కేవాళ్లు” అంది. గుర్తు పెట్టుకోవడానికి ఆ కథ భేషుగ్గా పనికొస్తుంది. పరీక్ష ముందు రోజు రాత్రి నేనూ ఇలాంటివే చెబుతాను. అయితే అక్షరం పుట్టుక తెలుసుకోవాలంటే ఆ కథను పక్కన పెట్టాలి. చైనీస్ అక్షరాలన్నీ బొమ్మలే అన్న అభిప్రాయం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. నిజానికి అక్షరాల్లో అత్యధిక భాగం రెండు తునకల అతుకు. ఒక తునక విషయం ఏ కోవకు చెందిందో చెబుతుంది, రెండోది ఎలా పలకాలో చెబుతుంది. పలుకు కోసం పెట్టిన తునకలో అర్థం వెతికితే కథలు పుడతాయి.

‘థా’ విషయంలో దీన్ని తేల్చడం కష్టం కాదు.

క్రీ.శ. 100లో షూ షెన్ అనే పండితుడు ‘షువోవెన్ చియెత్స’ అనే నిఘంటువు పూర్తి చేశాడు. 540 విభాగాల కింద 9,353 అక్షరాలు. ఏ అక్షరం ఏయే తునకలతో కుదిరిందో చెప్పిన తొలి పెద్ద గ్రంథం అదే. అందులో ‘థా’ లేదు. అంతకు పన్నెండు పదమూడు వందల ఏళ్ల ముందటి షాంగ్ రాజుల కాలంలో ఎముకల మీద చెక్కిన రాతల్లోనూ లేదు. చైనాలో ఎత్తయిన కట్టడాలు అప్పటికే ఉన్నాయి. మేడకు ‘లౌ’, వేదికకు ‘థాయ్’ అని మాటలూ ఉన్నాయి. బురుజు కోసమే అయితే కొత్త అక్షరం కల్పించాల్సిన అవసరమే లేదు. అంటే వాళ్ల దగ్గర లేని వస్తువేదో వచ్చింది, దానికి పేరు కావాల్సొచ్చింది.

986లో షూ షువాన్ అనే ఇంకో పండితుడు ఆ నిఘంటువును పరిష్కరిస్తూ, పాత గ్రంథంలో లేని 402 అక్షరాలు ఆయా విభాగాల చివర చేర్చాడు. ‘థా’ చోటు సంపాదించింది అక్కడ. ఆయన ఇచ్చిన వివరణ నాలుగు ముక్కల్లో ముగుస్తుంది: పడమటి దేశాల ‘ఫూథు’, మట్టి కోవకు చెందినది, కుడి పక్క శబ్దం. కుడి పక్క ఉన్నది పలుకు కోసమేనని చైనా నిఘంటువే చెబుతోంది. గడ్డి కలిపి తొక్కడం, నలుగురి నోళ్లు కలవడం అందులో ఎక్కడా లేవు.

ఆ కుడి పక్క తునకకు విడిగా అర్థం లేకపోలేదు. షూ షెన్ పాత నిఘంటువులో దాన్ని ‘చిన్న చిక్కుడు జాతి గింజ’ అన్నాడు. గడ్డి గుర్తు అందుకే ఉంది. మొక్కల పేర్లకు అది మామూలే. అర్థాన్ని పట్టుకుని పోతామంటే బౌద్ధ స్తూపం ‘మట్టిలో గింజలు’ అవుతుంది. ఇదే తునక పక్కన మట్టికి బదులు చెయ్యి గుర్తు పెడితే ‘తా’ వస్తుంది, అంటే పందిరి వేయడం, బండెక్కడం. అక్కడా గింజలతో పని లేదు. వేర్వేరు విషయాల అక్షరాల్లో ఒకే తునక కనబడి, అన్నిటి పలుకూ దగ్గరదగ్గరగా ఉంటే ఆ తునక శబ్దం కోసం వచ్చినట్టే. మా జూనియర్‌కి పనికొచ్చే పరీక్ష ఇదొక్కటే. నిఘంటువుల చరిత్ర మర్చిపోయినా ఇది గుర్తుంటే చాలు.

ఇంతకీ ఏ మాట శబ్దం అది? నేటి బీజింగ్ పలుకు వింటే ‘థా’కూ స్తూపానికీ పోలిక ఏమీ కనబడదు. అయితే వెయ్యిన్నర ఏళ్ల కిందట చైనీస్‌లో కొన్ని మాటలు ప్, త్, క్ శబ్దాలతో ఆగేవి. ఉత్తరాది పలుకులో అవి తర్వాత రాలిపోయాయి, దక్షిణాదిన నిలిచాయి. హాంగ్‌కాంగ్‌లో మాట్లాడే కాంటనీస్‌లో ఈ అక్షరం ఇప్పటికీ ‘థాప్’. చైనా నుంచి అరువు తీసుకున్న కొరియన్‌లో ‘థప్’, వియత్నామీస్‌లోనూ ‘థాప్’. జపాన్‌లో పాతకాలం ‘తపు’ మెల్లగా కరిగి ‘తో’ అయింది. నాలుగు దిక్కుల సాక్ష్యం కలిపితే పాత పలుకు ‘థప్’ అని తేలుతుంది.

ఇటు మన వైపు చూద్దాం. సంస్కృతంలో స్తూప, పాళీలో థూప. వాయవ్యాన గాంధార ప్రాంతపు ప్రాకృతంలో థుబ. మొదటి ‘స’ రాలిపోయి, ‘త’ కాస్తా ‘థ’ అయింది. జనం నోట్లో సంయుక్తాక్షరాలు నలగడం మనకు కొత్త కాదు, స్తంభం కంబం అయింది కదా. చైనాకు బౌద్ధం మోసుకెళ్లిన భిక్షువులు, వర్తకులు మాట్లాడింది ఎక్కువగా ఈ ప్రాకృతాలే. వాళ్లు ‘థూప’ అంటే చైనావాళ్లు ‘థప్’ అని విన్నారు. ‘ఊ’ స్థానంలో ‘అ’ ఎలా వచ్చిందని అడగొచ్చు. పెదాలు గుండ్రంగా చుట్టి పలికే అచ్చు తర్వాత మళ్లీ పెదాలు మూసే ‘ప్’తో మాట ఆపడం ఆనాటి చైనీస్‌కు సరిపడదు. ‘థుప్’ అనే మాట ఆ భాషలో ఇమడదు కాబట్టి దగ్గరలో ఉన్న ‘థప్’తో సరిపెట్టుకున్నారు. ఆ శబ్దానికి దగ్గరైన గింజల తునక తీసుకుని, కట్టేది మట్టితో కాబట్టి పక్కన మట్టి గుర్తు పెట్టారు.

అంటే మా జూనియర్ స్తూపం అనే మాటను స్తూపం అనే మాటలోకే అనువదించింది. అయినా చదివిన మనిషికి అంతస్తులు కనబడ్డాయి. కేసులో అసలు చిక్కు ఇదే. పుట్టుక ఎంత ఖాయంగా తేల్చినా పాఠకురాలి కళ్ల ముందు కదిలే బొమ్మను అది మార్చదు. ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

క్రీ.శ. 2వ శతాబ్దం చివర నేటి జియాంగ్‌సు ప్రాంతంలో జై రోంగ్ అనే అధికారి ఒక బౌద్ధాలయం కట్టించాడు. అక్కడి చరిత్ర గ్రంథం దాని వర్ణన ఇచ్చింది: పైన తొమ్మిది వరసల కంచు పళ్లేలు, కింద అంతస్తుల మేడ, మూడు వేల మందికి పైగా పట్టే చోటు. ఆ కంచు పళ్లేలు మన స్తూపం నెత్తిన ఉండే ఛత్రాలు. కింద ఉన్నది మాత్రం ‘లౌ’, వాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన మేడ. గుండ్రటి అండం, అంటే స్తూపం మధ్యలో ఉండే గుమ్మటం, కట్టే అలవాటు వాళ్లకు లేదు. గొడుగులు మనవి ఉంచుకుని, కింద కట్టడం తమది పెట్టుకున్నారు. హెనాన్‌లో 523 నాటి సాంగ్‌యుయె ఆలయపు ‘థా’ నేటికీ ఉంది. పన్నెండు ముఖాలు, పదిహేను వరసల చూరులు, దాదాపు 40 మీటర్ల ఎత్తు, అంతా ఇటుక. షాన్‌షీ రాష్ట్రం యింగ్‌షియన్‌లో 1056 నాటిది కొయ్యతో కట్టింది, 67 మీటర్లు.

దీనికి మంచి ఉదాహరణ హుయాన్‌త్సాంగ్. 7వ శతాబ్దంలో మన ధాన్యకటకం, అంటే నేటి అమరావతి ప్రాంతం, దాకా వచ్చి, చాలా ఆరామాలు పాడుబడి ఉండటం చూసి, మహాసాంఘికులు అనే బౌద్ధ శాఖవాళ్ల శాస్త్రం చదువుకుని వెళ్లిన భిక్షువు. అసలైన స్తూపాలు ఎలా ఉంటాయో కళ్లారా చూశాడు. ఆయనకు ‘థా’ అనే మాటే నచ్చలేదు. తన యాత్రా గ్రంథంలో స్తూపాన్ని మూడక్షరాల్లో ‘సూతూపో’ అని రాసి, అంతకుముందు వాడుకలో ఉన్న ‘ఫూథు’, ‘థాఫో’ వగైరాలన్నీ అపభ్రంశాలని తేల్చేశాడు. తెలుగు లిపిలో చూస్తే ఆయన చెవి ఎంత నిక్కచ్చిదో తెలుస్తుంది. సూతూపో, స్తూప. ‘స’ కూడా పోనివ్వలేదు.

భారతదేశం నుంచి తెచ్చిన గ్రంథాలు, విగ్రహాలు భద్రపరచడానికి 652లో చాంగాన్‌లో, అంటే నేటి షియాన్‌లో, ఆయన ఒక కట్టడం కట్టించుకున్నాడు. పాత చైనా పద్ధతి కాదు, పడమటి దేశాల తీరులో కట్టాలని పట్టుబట్టాడు. ఐదు అంతస్తులు, లోపల మట్టి, పైన ఇటుక. కొన్ని దశాబ్దాలకే సందుల్లో మొక్కలు మొలిచి బీటలిచ్చింది. 701, 704 మధ్య దాన్ని తీసేసి మళ్లీ కట్టారు, ఈసారి అచ్చంగా చైనా తీరులో. ఇప్పుడు ఏడు అంతస్తులు, 64 మీటర్ల పైచిలుకు, టికెట్ కొనుక్కుని పైదాకా ఎక్కొచ్చు. జనం దాన్ని పిలిచేది ‘తాయెన్‌థా’ అని. చివర ఉన్నది ఆయన అపభ్రంశమన్న ‘థా’నే. సూతూపో అనే మాట బౌద్ధ గ్రంథాల్లో, వాస్తు పుస్తకాల్లో మిగిలింది. అందులో మొదటి అక్షరాన్ని మామూలు చైనీయుల్లో చాలామంది తడుముకోకుండా చదవలేరు.

ఇందాక నిఘంటువులో తగిలిన ‘ఫూథు’ అసలు బుద్ధ అనే మాటకు తొలినాళ్ల రాత. తర్వాత స్తూపానికీ అదే పేరయింది. ఒక ప్రాణం కాపాడితే ఏడంతస్తుల ఫూథు కట్టిన దానికన్నా మిన్న అని వాళ్లకో సామెత ఉంది. సామెతలో కూడా అంతస్తుల లెక్కే.

ఒకసారి నిట్టనిలువుగా లేచాక ‘థా’ గుడి దాటి బయటికొచ్చింది. హాంగ్‌జౌలో ఏటి ఒడ్డున ఉన్న ల్యూహ ‘థా’ రాత్రిపూట పడవలకు దీపం చూపేది. లైట్‌హౌస్‌కి నేటి మాట ‘తంగ్‌థా’, దీపపు థా. మసీదు మినార్ ‘ష్వెన్‌లీథా’. వాటర్ ట్యాంక్ ‘ష్వేథా’. ఈజిప్టు పిరమిడ్ ‘చిన్‌త్స్‌థా’, అంటే ‘బంగారం అనే అక్షరం ఆకారంలో ఉన్న థా’. ఆ అక్షరం నెత్తి మీద వాలిన రెండు గీతలు చూస్తే పోలిక తెలుస్తుంది. దంతపు బురుజులో కూర్చున్న మేధావి అన్న యూరప్ నుడికారం కూడా ‘షియాంగ్‌యాథా’గా వచ్చి చేరింది.

‘థియెథా’, అంటే ఇనుప థా, నాకు ప్రత్యేకంగా ఇష్టమైన ఉదాహరణ. కైఫెంగ్‌లో 1049 నాటి ఇనుప థా ఉంది. దాంట్లో ఇనుము లేదు. ముదురు గోధుమ రంగు మెరుపు ఇటుకలు దూరానికి ఇనుములా కనబడతాయని ఆ పేరు. ఇప్పుడు అదే మాట పారిస్ ఈఫిల్ టవర్‌కీ, కరెంటు లైన్ల టవర్లకీ, సెల్ టవర్లకీ. 2014లో చైనాలో సెల్ టవర్ల కోసం పెట్టిన ప్రభుత్వ రంగ సంస్థ పేరు చైనీస్‌లో అచ్చంగా ‘చైనా థియెథా’. ఇక కన్‌స్ట్రక్షన్ సైట్లలో టవర్ క్రేన్ ‘థాతియావ్’. దాని నిలువు ఇనుప చట్రాన్ని ‘థాషన్’ అంటారు, థా శరీరం. పగోడా నడిమి భాగానికీ ఇదే పేరు. చైనా క్రేన్ల మాన్యువల్స్ చేసేటప్పుడు మెషీన్ ట్రాన్స్‌లేషన్ దీన్ని ‘పగోడా బాడీ’ అని ఇవ్వడం చూశాను. ఫోర్‌మన్‌లు ఆ కాగితం చూసి ఏమనుకుంటారో ఊహించుకోవచ్చు.

వీటన్నిటి మధ్య కేవలం శబ్దం కోసం వాడేవీ ఉన్నాయి. మన టాటా గ్రూపును చైనీయులు ‘థాథా’ అని ఈ అక్షరాన్నే రెండుసార్లు రాస్తారు. అక్కడ బురుజు వెతకకూడదు.

అంతస్తుల ప్రశ్న అడిగిందని ఆవిడను చూసి నవ్వే ముందు మన ఇల్లు చూసుకుందాం. స్తూపం అనే మాటను మనం తిన్నగా సంస్కృతం నుంచే తెచ్చుకున్నాం, కట్టడాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. అయినా తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి అడిగితే స్తూపం అంటే సిలిండర్ అంటాడు, దాని ఘనపరిమాణం సూత్రం కూడా అప్పజెబుతాడు. హైదరాబాద్ గన్‌పార్క్‌లో అమరవీరుల స్తూపం నిలువుగా ఉంటుంది. పల్లెల్లో రోడ్డు పక్కన కట్టే స్తూపాలూ అంతే. పైగా సగం మంది ‘స్థూపం’ అని రాస్తాం. తెలుగు మూలం చదివిన టూర్ సంస్థ కుర్రాడికి కూడా “నిలువు రాయి” అనే తోచి ఉంటే ఆశ్చర్యం లేదు. అమరావతి దిబ్బ చూసి పెరిగిన మనమే మాటను నిలబెట్టేసినప్పుడు, ఏడంతస్తులవి చూసి పెరిగినవాళ్లను ఏమంటాం?

ఇక దిద్దుబాటు. దారులు మూడు కనబడ్డాయి. ‘థా’ అలాగే ఉంచి ఫొటో మీద భారం వేయడం ఒకటి. అంతటా ‘సూతూపో’ వాడటం రెండోది. జూనియర్ మొగ్గు దానికే, హుయాన్‌త్సాంగ్ అంతటివాడు మెచ్చిన మాట కదా అని. నేను ఒప్పుకోలేదు. బస్సు దిగి ఎండలో నిలబడి చదివే కరపత్రంలో పలకలేని అక్షరం పెడితే చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు. పైగా సాంచీ స్తూపాన్ని చైనీస్‌లో స్థిరపడిన పేరుతో ‘సాంగ్‌ఛీ తాథా’ అంటారు, పెద్ద థా అని. సాంచీకి ఒక మాట, అమరావతికి ఇంకో మాట పెడితే రెండూ వేర్వేరు రకాల కట్టడాలనుకుంటారు.

మూడో దారికి తాళం చెవి బీజింగ్‌లో దొరికింది. అక్కడ మియావోయింగ్ ఆలయంలో తెల్లటి ‘థా’ ఉంది. 1271లో మొదలై 1279లో పూర్తయింది. కట్టించినవాడు కుబ్లాయ్ ఖాన్, కట్టినవాడు నేపాల్ నుంచి వెళ్లిన శిల్పి అరనికో. దానికి అంతస్తుల్లేవు. లావాటి గుండ్రటి కడుపు, పైన సన్నటి మెడ. పేయ్‌హాయ్ పార్కులో ఇంకోటి ఉంది, 1651 నాటిది. బీజింగ్ వెళ్లిన ప్రతి చైనీయుడూ దాంతో ఫొటో దిగుతాడు. ఈ రకాన్ని వాస్తు పరిభాషలో ‘ఫూపో’ తరహా థా అంటారు. అంటే బోర్లించిన భిక్షాపాత్ర. ఇందులో ‘పో’ కూడా మన ‘పాత్ర’లో మొదటి ముక్కే. మనం అండం అన్నదాన్ని వాళ్లు బోర్లించిన పాత్ర అన్నారు. ఈ మాట పడితే చదివే మనిషికి మేడ కాకుండా గుండ్రటి ఆకారం కళ్లకు కడుతుంది.

అమరావతి పేరా చివరికి ఇలా కుదిరింది. శీర్షికలో ‘అమరావతి తాథా’. మొదటి వాక్యంలో అది ఫూపో తరహా థా అని, పూర్వం భారతదేశంలో దీన్ని సూతూపో అనేవారని ఒకే ఒక్కసారి. రెండో వాక్యంలో లోపల గది లేదు, పైకి మెట్లు లేవు, చుట్టూ ప్రదక్షిణ చేస్తారు అని. మూడో వాక్యంలో పైభాగం ఇప్పుడు లేదని, కనబడేది అడుగు వేదిక అని. ఆ తర్వాత ఎక్కడొచ్చినా ఉత్త ‘తాథా’. జాగా సరిపోవడానికి మూలంలో ఉన్న ‘ప్రపంచ ప్రసిద్ధి గాంచిన’ను తీసేశాం. నాలుగు పేరాల్లోనూ ఆ విశేషణం ఉంది. సంస్థవాళ్లు ఒక చోట ఉంచమన్నారు, ఉంచాం.

ఇంకో ముడి మహాచైత్యం దగ్గర పడింది. తెలుగు మూలంలో ఒక వాక్యంలో స్తూపం, తర్వాతి వాక్యంలో మహాచైత్యం. మనకు అది ఒకటేనని తెలుసు, అక్కడి శాసనాల్లోనూ మహాచేతియ అనే ఉంది. చైత్యానికి చైనీస్‌లో ‘చిథీ’ అనే మాట ఉంది, జూనియర్ అదే వాడింది. ఇక్కడ ఒక పాత నియమం అడ్డొస్తుంది. 416, 418 మధ్య ఫాహియాన్, బుద్ధభద్రుడు కలిసి చైనీస్‌లోకి తెచ్చిన మహాసాంఘికుల వినయ గ్రంథంలో, అంటే భిక్షువుల నియమాల పుస్తకంలో, ధాతువులు (అస్థికలు) ఉన్నది ‘థా’, లేనిది ‘చిథీ’ అని స్పష్టంగా రాసి ఉంది. మహాసాంఘికులంటే మన ఆంధ్రదేశంలో బలంగా ఉన్న శాఖే. గ్రంథాలన్నీ ఆ తేడా పాటించాయని కాదు. కానీ కరపత్రం చదివేవాళ్లలో బౌద్ధం తెలిసిన పెద్దవాళ్లు ఎక్కువ. వాళ్లు రెండు మాటలు చూస్తే ధాతువులున్నది ఒకటి, లేనిది ఇంకొకటి అని రెండు కట్టడాలు వెతుకుతారు. అందుకని ‘చిథీ’ పూర్తిగా తీసేసి, పేరుగా మాత్రం ‘శాసనాల్లో మహాచైత్యం’ అని ఒక్క చోట చెప్పాం.

నాగార్జునకొండ పేరాతో పేచీ రాలేదు. నాగార్జునుడు వాళ్లకు ‘లుంగ్‌షు’, నాగవృక్షం. నాలుగు స్థలాల్లో చైనీస్ బౌద్ధులకు ముందుగా తెలిసిన పేరు అదే. దాన్ని కరపత్రం మొదటి మడత మీదికి తెమ్మని సలహా ఇచ్చాం, సంస్థవాళ్లు వెంటనే ఒప్పుకున్నారు.

రెండో విడత చదివినప్పుడు ఆవిడ అంతస్తుల మాట ఎత్తలేదు. ఎటువైపు నుంచి తిరగాలి అని మాత్రం అడిగింది. కుడి భుజం స్తూపం వైపు ఉండేలా అని చేర్చాం. భట్టిప్రోలు పేరాలో ‘ఫూపో’ మాట మళ్లీ రాయనక్కర్లేదని, ఒకసారి చదివితే గుర్తుంటుందని కూడా రాసింది.

ఇప్పుడు అదే కరపత్రం జపనీస్‌లో కావాలంటున్నారు. చైనీస్ నుంచి అక్షరాలు అలాగే దించేస్తే సరిపోతుందని సంస్థవాళ్ల ఉద్దేశం. సరిపోదు. జపాన్‌లో ‘సొతోబా’ అనే మాట ఉంది, అదీ స్తూపమే, అక్షరాల్లో ఈ ‘థా’ కూడా ఉంది. కానీ మామూలు జపనీయుడికి సొతోబా అంటే సమాధుల వెనక చనిపోయినవాళ్ల పేరిట నిలబెట్టే పొడవాటి చెక్క పలక. అందుకని అక్కడ పాత అక్షరాల జోలికి పోకుండా, విదేశీ మాటలకు వాడే కతకన లిపిలో ‘సుతూపా’ అని రాయమని జపనీస్ చేసే మిత్రుడికి చెప్పాం. ఫూపో తరహాకు జపాన్‌లో అందరికీ తెలిసిన పేరు ఉందో లేదో అతను చూస్తున్నాడు.